నాన్న సర్వీసు బండికి ఏ మ్యాపు యాప్? – ప్రాజెక్టు డైరీ

మొదలు

నాన్న ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ల సర్వీసు చేస్తాడు. మేముండేది హైదరాబాద్‌లో ఉప్పల్, కస్టమర్లు మాత్రం నాగోల్ నుంచి మియాపూర్ దాకా, ఇటు అత్తాపూర్ దాకా ఉన్నారు. స్కూటీ ముందు టూల్ కిట్టు, వెనక సీటు మీద కార్బన్ ఫిల్టర్లు, మెంబ్రేన్లు కట్టుకుని పొద్దున బయల్దేరితే రోజుకో ఏరియా. ఈ సిటీలో మెయిన్ రోడ్లన్నీ నాన్నకి కొట్టిన పిండే, ఉప్పల్ నుంచి అమీర్‌పేటకి దారి చెప్పమని ఏ ఫోన్‌నీ అడగాల్సిన పని లేదు. టైమ్ పోయేదంతా చివర్లో, ఏ గల్లీ, ఏ గేటు, ఫ్లైఓవర్ ఎక్కాలా కింద నుంచి పోవాలా అనే దగ్గర. ఎండాకాలంలో ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కాల్స్ ఎక్కువ, అప్పుడు ఒక్కో ఇంటికి పావుగంట వెతుక్కుంటే రోజుకి రెండు మూడు కాల్స్ తగ్గిపోతాయి, అంటే ఆ మేరకు డబ్బులు కూడా.

అందుకే నాన్న ఫోన్‌లో ఏ మ్యాపు యాప్ పెట్టాలో కూర్చుని కాదు, బండి మీద తిరిగి తేల్చాలని మొదలుపెట్టా. నెట్‌లో కంపారిజన్లు చాలానే చదివా, అన్నీ ఏది ఎన్ని నిమిషాలు చెప్పింది, ఎవరి అంచనా కరెక్ట్ అనే దాని మీదే ఉన్నాయి. మాకు అది రెండో విషయం. పది నిమిషాలు అటూ ఇటూ అయినా కస్టమర్ ఏమీ అనుకోరు, కానీ కాంపౌండ్ గోడ వెనక నిలబడి "సార్ మీ గేటు ఎటు సైడు" అని మూడుసార్లు ఫోన్ చేస్తే వాళ్ళకీ చిరాకు, నాన్నకీ మొహమాటం.

నాన్న ఒక్కటే చెప్పాడు. "బిడ్డా, సీదా రోడ్డు మీద అది మాట్లాడకపోయినా పర్వాలే. ఫ్లైఓవర్ ఎక్కాల్నా వద్దా, అది ముందే చెప్పాలె. ఎక్కినంక చెప్తే ఏం లాభం?" ఈ మాటని ఫోన్‌లో నోట్స్ పైన పెట్టుకున్నా, టెస్టింగ్ అంతా దీని చుట్టూనే చేస్తా.

ఫోన్ రెడీ చేయడం

నాన్నది పాత ఆండ్రాయిడ్ ఫోన్, ర్యామ్ తక్కువ, ఐఫోన్ ఎలాగూ లేదు కాబట్టి యాపిల్ మ్యాప్స్ పక్కన పెట్టేశా. నాలుగు యాప్‌లు ఎంచుకున్నా: గూగుల్ మ్యాప్స్, మ్యాప్‌మైఇండియా వాళ్ళ మ్యాపుల్స్, ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్. చివరి రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడుస్తాయి. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, వికీపీడియాలాగే ఎవరైనా అకౌంట్ తెరిచి రోడ్డు గీయొచ్చు, పేరు సరిచేయొచ్చు. మ్యాప్‌మైఇండియా కంపెనీ మొదలైంది 1995లో, గూగుల్ మ్యాప్స్ రావడానికి పదేళ్ళ ముందే మన దేశం మ్యాపు గీయడం మొదలుపెట్టిన వాళ్ళు, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఆర్గానిక్ మ్యాప్స్ 2021లో పాత మ్యాప్స్.మీ అనే యాప్ కోడ్ నుంచి విడిపోయి వచ్చింది, యాడ్స్ ఉండవు, మనం ఎక్కడెక్కడ తిరిగామో ఎవరికీ పంపదు, మొత్తం ఆఫ్‌లైన్‌లో నడుస్తుంది, దానికి తగ్గట్టే లైవ్ ట్రాఫిక్ కూడా ఉండదు.

అన్నిట్లో హైదరాబాద్ వరకు ఆఫ్‌లైన్ మ్యాపు దింపి పెట్టా. ఇక్కడ ఒకటి తెలిసి ఉండాలి. గూగుల్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనప్పుడు కారు దారి వస్తుంది కానీ ట్రాఫిక్ రాదు, వేరే దారులు చూపించదు, ఏ లేన్‌లో ఉండాలో చెప్పదు, నడక దారి కూడా ఇవ్వదు. డౌన్‌లోడ్ చేశాం కదా అన్నీ ఉంటాయి అనుకుని వెళ్తే సగం పనులు ఆగిపోతాయి. ఆస్మాండ్‌లో మోటర్‌సైకిల్‌కి వేరే ప్రొఫైల్ ఉంది కానీ సెట్టింగ్స్ ఎంత లోతంటే నాన్న చేతికి అలాగే ఇవ్వలేం, ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్‌సోర్స్ యాప్ స్టోర్ నుంచి వేసుకుంటే మ్యాపుల డౌన్‌లోడ్‌కి లిమిట్ ఉండదు కాబట్టి అక్కడి నుంచే వేశా, నా టెస్టింగ్ వరకు వాడతా.

ఫోన్ హోల్డర్ విషయం కూడా రాసిపెడుతున్నా. హ్యాండిల్‌కి బిగించే మెటల్‌ది కొన్నాం, కింద రబ్బరు ప్యాడ్ ఉన్నది. బండి వైబ్రేషన్ ఫోన్ కెమెరాలని పాడుచేయొచ్చని 2021లో యాపిల్ వాళ్ళే హెచ్చరించారు, కదలకుండా ఫోటో తీయడానికి కెమెరాలో చిన్న కదిలే భాగాలుంటాయి కదా, దెబ్బ తగిలేది వాటికే. నాన్న ఫోన్‌లో ఆ ఫీచర్ లేదు, కానీ రేపు కొత్త ఫోన్ కొన్నా ఇదే హోల్డర్ వాడతాం కాబట్టి ముందే జాగ్రత్త.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నా. దారి తప్పించిన ప్రతిసారీ ఏ యాప్ అని పేరు రాయను. ఒక వారం ఒకటి తప్పు చూపిస్తుంది, పై వారం అది సరయ్యి ఇంకోటి అదే తప్పు చూపిస్తుంది, మ్యాపు డేటా రోజూ మారుతూనే ఉంటుంది. ఎలాంటి తప్పు, ఎందుకు వస్తుంది అనేదే మాకు పనికొచ్చేది.

ఫ్లైఓవర్ల ఆదివారం

పొద్దున్నే గచ్చిబౌలి వైపు వెళ్ళాం, నాన్న నడుపుతుంటే నేను వెనక కూర్చుని రెండో ఫోన్‌లో నోట్ చేసుకున్నా. ఇటు బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర రెండు లెవెల్స్ ఫ్లైఓవర్లు, అటు శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ 2022లో వచ్చింది, దాని మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) వైపు నుంచి కొండాపూర్ దాకా పీజేఆర్ ఫ్లైఓవర్ 2025లో తెరిచారు, కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరిలో. అంటే ఒకే చౌరస్తాలో కింద రోడ్డు, పైన ఒకటి, ఆ పైన ఇంకొకటి. మ్యాపు మీద పై నుంచి చూస్తే ఇవన్నీ ఒకే గీత మీద ఇంకో గీత.

ఫోన్‌కి ఇక్కడ నిజంగానే కష్టం, ఎందుకో తెలిస్తే యాప్ మీద అనవసరంగా కోపం రాదు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల లోపు చెప్పగలదు. ఎత్తు మాత్రం అంత బాగా చెప్పలేదు, ఎందుకంటే శాటిలైట్లన్నీ మన పైనే ఉంటాయి, కింద భూమి అడ్డం, అటూ ఇటూ నుంచి సరిచూసుకునే వీలు నిలువు దిశలో ఉండదు. పైగా ర్యాంపు మొదలయ్యే చోట ర్యాంపుకీ పక్కన కింద రోడ్డుకీ మధ్య దూరం ఆ 5 మీటర్ల కంటే తక్కువే ఉంటుంది. అందుకే యాప్ మన చుక్కని దగ్గర్లో ఉన్న ఏదో ఒక గీతకి అతికించేస్తుంది, మనం ఎక్కామా ఎక్కలేదా అనేది కొంత దూరం పోయాక, గీతలు విడిపోయాక గానీ దానికి తెలీదు. ఈ లోపు అది చెప్పేదంతా అంచనానే. సో ర్యాంపు దాటాక యాప్ ఏం చెప్పినా వినకూడదు, ర్యాంపుకి ముందు ఏం చెప్పిందనేదే లెక్క. నాన్న మొదటి రోజు అన్నది సరిగ్గా ఇదే.

గూగుల్ వాళ్ళు 2024 జులైలో మన దేశంలో 40 సిటీల్లో ఫ్లైఓవర్ ముందే చెప్పే ఫీచర్ తెచ్చారు, టూవీలర్ మోడ్‌లో కూడా వస్తుంది. తెలుగు వాయిస్ 2018 నుంచే ఉంది. నాన్నకి ఈ రెండూ కలిసి బాగా పనికొచ్చాయి, స్క్రీన్ వైపు చూడకుండా చెవితోనే పని అయిపోతోంది. మ్యాపుల్స్‌లో జంక్షన్ వ్యూ అని త్రీడీ బొమ్మ వస్తుంది, ఏ లేన్ ర్యాంపులోకి పోతుందో అచ్చం రోడ్డు మీద కనిపించినట్టే గీసి చూపిస్తుంది. 2025 అక్టోబర్‌లో కేంద్ర మంత్రి అశ్విని వైష్ణవ్ ఇదే చూపించి వాడమని చెప్పాక చాలామంది దింపుకున్నారు. నా అభిప్రాయం, కారులో పక్క సీటులో చూసేవాళ్ళు ఉంటే ఆ బొమ్మని మించింది లేదు, బండి నడిపేవాళ్ళు మాత్రం దాన్ని కదులుతూ చూడకూడదు. మేం చేసిందేంటంటే, కొత్త ఏరియాకి బయల్దేరే ముందు ఇంట్లోనే మ్యాపుల్స్‌లో దారి తెరిచి ముఖ్యమైన జంక్షన్లు ఒకసారి చూసుకోవడం. నాన్నకి బొమ్మ ఒకసారి చూస్తే గుర్తుండిపోతుంది, తర్వాత రోడ్డు మీద వాయిస్ చాలు.

తిరిగి వచ్చేటప్పుడు షేక్‌పేట ఫ్లైఓవర్ వైపు వెళ్ళాం. 2.8 కిలోమీటర్లు అది, 2022 జనవరి 1న తెరిచారు, మల్కం చెరువు దగ్గర ఎక్కితే టోలిచౌకి గెలాక్సీ థియేటర్ దగ్గరే దిగడం. కస్టమర్ ఇల్లు ఓయూ కాలనీలో అయితే పొరపాటున ఎక్కినవాళ్ళు అంత దూరం పోయి వెనక్కి రావాలి. ఇక్కడ నాలుగు యాప్‌లూ కలిపి చూస్తే ఒకటి ర్యాంపుకి చాలా ముందు చెప్పింది, ఒకటి ర్యాంపు ఎదురుగా వచ్చాక చెప్పింది, ఒకటి అసలు "సీదా వెళ్ళండి" అని ఊరుకుంది, దాని దృష్టిలో ర్యాంపూ సీదానే, కింద రోడ్డూ సీదానే. పొడుగు ఫ్లైఓవర్లు ఉన్న ఏరియాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి నాన్న టూల్ కిట్టులో పెట్టా, అక్కడికి వెళ్ళే రోజు ముందే చూసుకుని బయల్దేరాలని.

బండ్లు పోకూడని రోడ్లు

ఇది చిన్న ఎంట్రీ. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూవీలర్లని రానివ్వరు, సర్వీస్ రోడ్డు మీదే పోవాలి. గూగుల్ టూవీలర్ మోడ్ ప్రపంచంలో మొదట మన దేశంలోనే 2017 డిసెంబర్‌లో వచ్చింది, అందులో పెడితే సర్వీస్ రోడ్డే ఇస్తోంది. వచ్చిన చిక్కల్లా ఎక్కడంటే, ఎవరైనా లొకేషన్ పంపినప్పుడు దాన్ని నొక్కితే యాప్ ఒక్కోసారి కారు మోడ్‌లో తెరుచుకుంటుంది, చూసుకోకుండా స్టార్ట్ నొక్కితే ఎంట్రీ ర్యాంపు దాకా తీసుకెళ్ళి నిలబెడుతుంది. నాన్నకి బైక్ బొమ్మ నీలం రంగులో ఉందా లేదా చూసి అప్పుడే స్టార్ట్ నొక్కమని చెప్పా.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే ఏ రోడ్డు ముక్కకైనా టూవీలర్లు పోకూడదని ట్యాగ్, అంటే చిన్న గుర్తు, పెట్టొచ్చు. అది ఉంటే ఆస్మాండ్ మోటర్‌సైకిల్ ప్రొఫైల్ ఆ రోడ్డుని వదిలేస్తుంది, లేకపోతే నేరుగా ఎక్కించేస్తుంది. మా వైపు ఒక ర్యాంపుకి ఆ ట్యాగ్ లేదు, బోర్డు ఉన్నది కళ్ళారా చూసి వచ్చి పెట్టేశా. రెండు నిమిషాల పని.

ఇంటి నంబర్, పిల్లర్ నంబర్, పిన్ను

ఈ భాగం మీదే ఎక్కువ రోజులు పెట్టా, మాకు అసలు కష్టం ఇక్కడే కాబట్టి.

హైదరాబాద్ పాత ఇంటి నంబర్లు చూడండి, వార్డు, బ్లాకు, ఆ తర్వాత ఇల్లు, దాని మీద బై, మళ్ళీ బై, ఏ, బీ. స్థలం పంచుకున్న కొద్దీ బైలు పెరిగాయి. ఒకే గల్లీలో పక్కపక్క ఇళ్ళకి కూడా వరస దొరకదు ఒక్కోసారి. అలాంటి నంబర్ ఏ యాప్‌లో కొట్టినా ఇంటిదాకా తీసుకెళ్ళింది చాలా తక్కువ, కాలనీ మధ్యలో ఎక్కడో ఒక పిన్ను పెట్టి ఇక్కడే అంటుంది. అందుకే మనవాళ్ళు అడ్రస్ అలా చెప్పరు. అత్తాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్, అమీర్‌పేటలో మెట్రో పిల్లర్ నంబర్, షాపుల బోర్డుల మీద కూడా అదే రాసుకుంటారు. చూడగానే కనిపించేది, ఎప్పటికీ కదలనిది పిల్లరే. ఇంత వాడుకలో ఉన్న అడ్రస్ పద్ధతి మ్యాపుల్లో మాత్రం పూర్తిగా ఎక్కలేదు, షాపు పేరు పక్కన ఎవరో రాసి ఉంటే దొరుకుతుంది, పిల్లర్‌ని పిల్లర్‌గా వెతికితే అన్నిసార్లూ దొరకదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నాన్న ఎక్కువ తిరిగే రూట్లలో కొన్ని పిల్లర్లు నంబర్‌తో సహా నేనే పెడుతున్నా, నడుచుకుంటూ పోయి కళ్ళతో చూసి రాసుకున్నవి మాత్రమే.

వాట్సాప్ లొకేషన్ గురించి. అందరూ పంపేది అదే. కానీ చాలామంది ఆఫీసులో కూర్చుని కరెంట్ లొకేషన్ పంపేస్తారు, లేదా ఇంట్లో లోపలి గదిలో నుంచి పంపుతారు, అక్కడ శాటిలైట్ సిగ్నల్ సరిగ్గా అందక చుక్క పక్క గల్లీకి జరిగిపోతుంది. పంపే ముందు స్క్రీన్ మీద ఎన్ని మీటర్ల లోపు కరెక్ట్ అని చిన్నగా చూపిస్తుంది, అది ఎవరూ చూడరు. నాన్న కోసం ఒక మెసేజ్ రాసి పెట్టా, కాల్ బుక్ అవ్వగానే పంపేస్తాడు: "నమస్తే అండీ, మీ ఇంటి గేటు బయట నిలబడి లొకేషన్ పంపగలరా, గేటు ఏ రోడ్డు వైపు ఉందో కూడా చెప్పండి." ఇది మొదలుపెట్టాక గేటు అడగడానికి చేసే ఫోన్లు బాగా తగ్గాయి. ఇంత టెస్టింగ్‌లో ఏ యాప్ ఇవ్వనంత లాభం ఈ ఒక్క మెసేజ్ ఇచ్చింది, ఇది మాత్రం గట్టిగా చెప్తా.

కోడ్‌లు కూడా చూశా. ప్లస్ కోడ్ గూగుల్ వాళ్ళది, పది అక్షరాల కోడ్ అయితే దాదాపు 14 మీటర్ల గడి, ఫార్ములా ఓపెన్‌గానే ఉంటుంది. మ్యాపుల్స్ పిన్ ఆరు అక్షరాలు, చెప్పుకోడానికి చిన్నగా బాగుంటుంది, కానీ అది వాళ్ళ సర్వర్‌ని అడిగితేనే విప్పుకుంటుంది. తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లో ఉన్న ఇస్రో వాళ్ళ ఎన్ఆర్ఎస్‌సీ కలిసి చేసినది, దేశం మొత్తాన్ని దాదాపు 4 మీటర్లకి 4 మీటర్ల గడులుగా చేసి ఒక్కోదానికి పది అక్షరాలు ఇచ్చారు. నాలుగు మీటర్లంటే గేటు సైజు, అది నాకు బాగా నచ్చింది, నెట్ లేకుండా కూడా లెక్క కట్టొచ్చు. మన ఊరి వాళ్ళు చేసిన పని కాబట్టి ఇంకొంచెం ఇష్టం కూడా. కానీ కస్టమర్లు ఎవరూ ఇంకా ఇది పంపట్లేదు, అడిగితే అదేంటండీ అంటున్నారు. నా వరకు ప్రతి రెగ్యులర్ కస్టమర్ గేటుకి డిజిపిన్ తీసి నాన్న రికార్డు బుక్కులో పేరు పక్కన రాస్తున్నా, ఫోన్ పోయినా బుక్కు ఉంటుంది.

ఇంకా గేటెడ్ కమ్యూనిటీలు. యాప్ పని చేసే తీరు ఏంటంటే, మనం పెట్టిన పిన్నుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న రోడ్డు ఏదో చూసి అక్కడి దాకా దారి ఇస్తుంది. బ్లాకు వెనక వైపు రోడ్డు 10 మీటర్ల దూరంలో ఉండి, అసలు గేటు అర కిలోమీటర్ చుట్టూ తిరిగి అటు పక్కన ఉంటే, అది వెనక రోడ్డుకే తీసుకెళ్తుంది. మధ్యలో గోడ ఉన్నట్టు మ్యాపుకి తెలిస్తే కదా. కొండాపూర్ వైపు ఒక పెద్ద సొసైటీ దగ్గర సరిగ్గా ఇదే అయింది, నాన్న గోడ వెనక ఖాళీ ప్లాట్ల దగ్గర ఆగిపోయాడు, లోపల బ్లాకు కనిపిస్తోంది, దారి లేదు. ఆ వారమే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గోడ గీసి, మెయిన్ గేటు పెట్టి, లోపలి రోడ్లకి ప్రైవేట్ అని ట్యాగ్ చేశా. మిగతా యాప్‌లలో కూడా ఎడిట్ పంపే ఆప్షన్ ఉంది, పంపా, వాళ్ళు చూసి ఒప్పుకుంటే మారుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మార్పు వెంటనే ఎక్కుతుంది, ఆర్గానిక్ మ్యాప్స్‌లో మాత్రం కొత్త మ్యాపు ఫైలు వచ్చి అది దింపుకున్నాకే కనిపిస్తుంది.

వాన పడ్డ వారం

సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టింది, నాన్న మలక్‌పేటలో ఉన్నాడు. ఫోన్ చేసి "మూసారాంబాగ్ బ్రిడ్జి దిక్కు పోతలేను, చాదర్‌ఘాట్ దిక్కు జూస్తా" అన్నాడు, ఏ యాప్ చూడకుండానే. గండిపేట, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారంటే కింద మూసీ మీద లో లెవెల్ బ్రిడ్జిలు మూసేస్తారని ఈ వైపు వాళ్ళందరికీ తెలుసు. 2025 సెప్టెంబర్‌లో నీళ్ళు ఏకంగా ఎంజీబీఎస్ బస్టాండ్ లోపలికి వచ్చాయి.

నేను ఇంట్లో కూర్చుని రెండు యాప్‌లలో లైవ్ ట్రాఫిక్ పక్కపక్కన పెట్టి చూశా. ట్రాఫిక్ రంగులు ఎక్కడి నుంచి వస్తాయంటే, ఆ రోడ్డు మీద లొకేషన్ ఆన్ చేసి ఉన్న ఫోన్లు ఎంత స్పీడుతో కదులుతున్నాయో దాన్ని బట్టి. జామ్ అయితే ఫోన్లు నెమ్మదిస్తాయి, ఎరుపు వస్తుంది, బాగానే ఉంది. పోలీసులు బారికేడ్ పెట్టి రోడ్డే మూసేస్తే? అక్కడ ఫోన్లే ఉండవు. నెమ్మదిగా పోయే బండి ఒక్కటీ లేదు కాబట్టి ఎరుపు రాదు, మూసేశారన్న సమాచారం వేరేగా ఎవరో పెట్టాలి. ఆ మధ్యలో కొంత సేపు ఒక యాప్‌లో మూసిన రోడ్డు ఖాళీగా కనిపించింది, దారి కూడా అటే ఇచ్చింది. వానలో అన్నిటికంటే ప్రమాదం ఇదే, చుట్టూ రోడ్లన్నీ ఎర్రగా ఉండి ఒక్కటి మాత్రం శుభ్రంగా కనిపిస్తే అందరికీ అటు పోబుద్ధవుతుంది. నాన్నకి చెప్పిన రూలు: వాన రోజు మూసీ దాటాలన్నా, రైల్వే బ్రిడ్జి కింద నుంచి పోవాలన్నా మ్యాపు చెప్పిందని పోవద్దు, ట్రాఫిక్ పోలీసుల పోస్టులు చూడు, లేదా అటు నుంచి వచ్చే ఆటో అన్నని అడుగు.

ఆఫ్‌లైన్ యాప్‌లకి ఆ రోజు పనే లేదు. వాటి నుంచి అది ఆశించడం కూడా న్యాయం కాదు.

సెల్లార్లు, మెట్రో నీడ

జీపీఎస్‌టెస్ట్ అని ఓపెన్‌సోర్స్ యాప్ ఒకటుంది, ఏ శాటిలైట్ ఎంత సిగ్నల్ ఇస్తోందో అంతా చూపిస్తుంది. దాన్ని పెట్టుకుని ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా మెట్రో లైను కింద కింద వచ్చా. హబ్సిగూడ, తార్నాక స్టేషన్ల కింద శాటిలైట్లు సగానికి సగం మాయం, మెట్రో లైను రోడ్డు మధ్యలో పైకప్పులాగా ఉంటుంది కదా, నెత్తి మీద ఆకాశమే కనపడదు. హైటెక్ సిటీలో వేరే సమస్య, సిగ్నల్ ఉంటుంది కానీ అద్దాల బిల్డింగుల మీద పడి తిరిగి వస్తుంది, దాంతో దూరం లెక్క తప్పి చుక్క పక్క రోడ్డు మీదికి గెంతుతుంది. నా ఫోన్‌లో శాటిలైట్ సిగ్నల్ అందుకునే రెండు ఫ్రీక్వెన్సీలు (ఎల్1, ఎల్5) ఉన్నాయి, నాన్న ఫోన్‌లో పాత ఎల్1 ఒక్కటే. ఇలాంటి చోట తేడా కళ్ళకి కనిపించింది, నాది రోడ్డు మీదే ఉంది, నాన్నది అటూ ఇటూ ఊగింది, యాప్ మాత్రం రెండిట్లో ఒకటే. మ్యాపు బాలేదు అని మనం అనుకునేవి కొన్ని నిజానికి ఫోన్ చిప్పుకి సంబంధించినవి.

జీపీఎస్ లాంటి మన ఇస్రో నావిక్ కూడా అందుకే చూశా. మొదట పంపిన నావిక్ శాటిలైట్లు ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే సిగ్నల్ ఇచ్చేవి, ఎల్1 ఒక్కటే పట్టే ఫోన్లకి అవి అందవు. ఎల్1 కూడా ఇచ్చే ఎన్‌విఎస్-01 శాటిలైట్‌ని 2023 మే 29న పంపారు. నాన్నకి కొత్త ఫోన్ కొన్నప్పుడు ఎల్5 ఉందా, నావిక్ ఉందా అని స్పెసిఫికేషన్‌లో చూసి కొంటా, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అనేదాని కంటే మాకు అదే ముఖ్యం.

సెల్లార్ సంగతి సింపుల్. అపార్ట్‌మెంట్ సెల్లార్లో బండి పెట్టి పని చేసుకుని వచ్చేసరికి నెట్ ఉండదు, తర్వాతి అడ్రస్ తెరవడం కుదరదు. ఇక్కడ ఆర్గానిక్ మ్యాప్స్ టక్కున తెరుచుకుంది, పాత ఫోన్‌లో కూడా. బ్యాటరీ కూడా తక్కువ తాగుతోంది. మే నెల ఎండలో హోల్డర్‌లో ఉన్న ఫోన్ బాగా వేడెక్కిపోయి బ్రైట్‌నెస్ దానంతట అదే తగ్గిపోతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, అందుకే స్క్రీన్ ఆపేసి వాయిస్ మాత్రమే పెట్టుకుని పోవడం నాన్నకి అలవాటు చేశా.

పాతబస్తీ

గూగుల్ వాళ్ళు 2024లో ఇరుకు రోడ్లు తప్పించే ఫీచర్ ముందుగా ఎనిమిది సిటీల్లో తెచ్చారు, వాటిలో హైదరాబాద్ ఒకటి. అది కార్లకి. స్కూటీకి కావాల్సింది సరిగ్గా దానికి తిరగేసింది, పత్తర్‌గట్టి వైపు రద్దీ ఉంటే ఘాన్సీబజార్ గల్లీల్లోంచి పోగలగడం. ఇక్కడ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గల్లీలు చాలా లోతుగా గీసి ఉన్నాయి, ఎవరో ఓపిగ్గా ప్రతి సందూ నడిచి గీసినట్టున్నారు, వాళ్ళెవరో తెలియకపోయినా థ్యాంక్స్ చెప్పాలనిపించింది. చార్మినార్ చుట్టూ బండ్లు పోనివ్వరు, అది అన్ని యాప్‌లకీ తెలుసు. కానీ గల్లీలో మెట్లు ఉన్నాయా, మధ్యలో కమాన్ కింద బండి పడుతుందా అనేది లోపలికి వెళ్తే తప్ప తెలీదు. ఒకచోట దారి మెట్ల మీదికి ఇచ్చారు, అక్కడున్న ఒక పెద్దాయన "ఇటు కాదు బేటా, ఉధర్ సే జావో" అని చేయి చూపించారు. ఆ మెట్లు ఇప్పుడు మ్యాపులో ఉన్నాయి.

ఇప్పటికి ఫోన్‌లో ఉన్నది

గూగుల్ మ్యాప్స్ టూవీలర్ మోడ్, తెలుగు వాయిస్: రోజువారీ నడిపేది ఇదే, ట్రాఫిక్ కోసం, ఫ్లైఓవర్ మాట కోసం. మ్యాపుల్స్ ఇంట్లో బయల్దేరేముందు జంక్షన్లు చూసుకోడానికి. ఆర్గానిక్ మ్యాప్స్ సెల్లార్లకీ, కస్టమర్ల గేట్ల బుక్‌మార్కులకీ. ఆస్మాండ్ నాన్న ఫోన్‌లోంచి తీసేశా, నా ఫోన్‌లో ఉంచుకున్నా. కస్టమర్ల ఇళ్ళన్నీ ఆర్గానిక్‌లోనే ఎందుకు పెట్టానంటే ఆ లిస్టు ఫోన్ దాటి బయటకి పోదు, ఎవరి ఇల్లు ఎక్కడ, ఎప్పుడు వెళ్ళామనేది నాన్నని నమ్మి వాళ్ళు ఇచ్చిన సమాచారం. నెలకోసారి ఫైలుగా తీసి నా దగ్గర ఒక కాపీ దాస్తా.

మిగిలిన పని: మియాపూర్ వైపు కస్టమర్ల గేట్లు సగం కూడా పెట్టలేదు. ఉప్పల్ – నారపల్లి దారిలో ఎలివేటెడ్ కారిడార్ పని వల్ల యూటర్న్‌లు మారుతూనే ఉన్నాయి, ఈ వారం పోయి చూసి సరిచేయాలి. మా కాలనీ వెనక గల్లీలో కొత్తగా వన్‌వే బోర్డు పెట్టారని నాన్న చెప్పాడు, రోడ్డు మీద నిలబడే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వివరాలు చేర్చే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ అప్‌డేట్ చేసి పెట్టా, ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం అటు నుంచే వెళ్తా.